నీలం డ్రమ్ములో పిడికెడు బియ్యం

నాకు ఒక ఆలోచన తట్టిందంటే కాలు ఒక్కచోట నిలవదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే ఆ ఆదివారం పొద్దున కుక్కర్లో బియ్యం పోయబోతూ, గ్లాసు గట్టుమీద పెట్టేసి, "అమ్మా, దొరికింది" అని నేను కేకేస్తే, ఏం దొరికిందని మా అమ్మ అడగనైనా లేదు. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, స్టవ్ ఆర్పానా లేదా అని మాత్రం అడిగింది.

దొరికిందేమిటో చెప్పాలంటే ముందురోజు సంగతి చెప్పాలి.

మేముండేది బెంగళూరులో సర్జాపుర రోడ్డు మీద ఒక అపార్ట్‌మెంటులో. మా ప్రహరీ గోడ అవతల ఇంకో పెద్ద కట్టడం లేస్తోంది. దాని వెనక రేకుల షెడ్లలో కూలిపనికి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఎక్కువమంది కదిరి, అనంతపురం వైపు వాళ్లు, కొందరు పాలమూరు వాళ్లు. తల్లులు పనిలోకి ఎక్కినప్పుడు చిన్నపిల్లలు ఉండడానికని అక్కడ ఒక షెడ్డు వదిలిపెట్టారు. మా పై ఇంట్లో ఉండే కన్నడ పెద్దాయనా నేనూ శనివారాలు అక్కడికి వెళ్లేవాళ్లం. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. గోలీలతో పిల్లలకు లెక్కలు చెప్పేవారు. నేను కథలు చెప్పేదాన్ని. ఆయన ఎంత నెమ్మదిగా మాట్లాడతారంటే, ఆయన ఒక వాక్యం ముగించేలోపు నేను నా కథలో ఇద్దరు రాజులకు పెళ్లిళ్లు చేసేసేదాన్ని.

ఆ షెడ్డులో ఇరవై ఆరుమంది పిల్లలను కనిపెట్టుకుని ఉండేది ఒక్క మనిషే. కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చిన పాతికేళ్ల అమ్మాయి. అంతకుముందు అదే కట్టడంలో ఇటుకలు మోసేది. ఆమె కూతురు, అయిదేళ్లది, ఆ ఇరవై ఆరుమందిలోనే ఉంది. అమ్మాయి గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

ఆ శనివారం కథ అయ్యాక ఆమె మా ఇద్దరినీ పక్కకు పిలిచి ఒక మాట చెప్పింది. పిల్లలకు మధ్యాహ్నం భోజనం ఎవరో దాతలు పంపుతున్నారు, ఇంకో రెండు వారాలే పంపుతారట. ఆ తర్వాతి సోమవారం నుంచి రాదు. భోజనం లేకపోతే పిల్లలను ఇక్కడ వదలరు, మధ్యాహ్నం పూట తమ ముద్దలోనిదే పెట్టుకోవచ్చని తల్లులు వెంట పైకి తీసుకుపోతారు. పిల్లలు రాకపోతే ఈ షెడ్డులో సిమెంటు మూటలు వేస్తామని సూపర్‌వైజరు అప్పుడే చెప్పేశాడు, వానకు మూటలు గడ్డకడుతున్నాయట. ఆమె తిరిగి ఇటుకలకు పోవాలి. మరి నీ కూతురో అని అడిగాను.

"ముందర ఎట్ల చేస్తాంటినో అట్లే అక్కా. నాలుగో అంతస్తులో పిల్లరుకు కట్టేస్తాంటి. పాతచీర పేలిక నడుముకు ఒక కొస, పిల్లరుకు ఒక కొస. లేకుంటే అంచుకు పోతాది గదా."

బట్టలు ఎక్కడ ఆరేస్తావని అడిగితే ఎలా చెబుతారో అలా చెప్పింది. ఆ పేలిక షెడ్డు గోడకు మేకుకి ఇంకా వేలాడుతోంది. ఆకుపచ్చది, అంచు చిరిగింది. నేను దాన్ని అన్ని శనివారాలూ చూస్తూనే ఉన్నాను, తుడిచే గుడ్డ అనుకున్నాను. కూతురు మా కాళ్ల దగ్గర కూర్చుని పెద్దాయన గోలీలు జేబులో వేసుకుంటోంది. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

ఇంటికి రాగానే అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. జవాబులు గబగబా వచ్చాయి. ఒకరు తమ బాబు పుట్టినరోజుకు కేకు తెస్తామన్నారు. ఒకరు పాత బొమ్మలు ఇస్తామన్నారు. ఇంకొకరు పిజ్జా పార్టీ చేద్దామన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ పిల్లలకు ఆకలి మీ బాబు పుట్టినరోజు నాడే కాదు, రోజూ వేస్తుంది అని రాశాను. పంపేలోపు మా అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. పెద్దాయన ఇంటికొచ్చి, అందరం నెలకింత వేసుకుందామన్నారు. వాచ్‌మన్ కొడుకు ఫీజుకు అలాగే మొదలుపెట్టి మూడో నెలకు బాకీలు అడిగీ అడిగీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేని స్థితికి వచ్చాం. ఆయనే ఆ లెక్క రాసిన మనిషి కాబట్టి నేను గుర్తుచేయాల్సిన పని లేకపోయింది.

మర్నాడు పొద్దున బియ్యం కొలుస్తుంటే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చి ఒక పిడికెడు తీసింది. ఎందుకు తీసిందో ఒక క్షణం నాకే అర్థం కాలేదు.

మా అమ్మమ్మగారిల్లు పాత పేటలో. మావాళ్లు ఎన్నో తరాల కిందట మగ్గాలతో బెంగళూరు చేరినవాళ్లు. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ వంటింటి గడప పక్కన ఒక చిన్న ఇత్తడి బిందె ఉండేది. ఎసట్లో పొయ్యబోయే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ బిందెలో వెయ్యాలి. శనివారం అన్నదానం చేసే సత్రం మనిషి గోనెసంచీతో వచ్చి వీధి వీధంతా పోయించుకుని వెళ్లేవాడు. ఇంట్లో పండగైనా, పెద్ద రగడైనా, ఆ పిడికెడు మాత్రం ఆగేది కాదు. నేనూ వేస్తానని పేచీపెడితే, నీది చిన్న పిడికిలి, రెండు వెయ్యమనేది అమ్మమ్మ.

నేను ఇదంతా ఊపిరి తీసుకోకుండా చెప్పేశాక మా అమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. తర్వాత నా చేతిలోని బియ్యం వంక చూసి అంది, "డబ్బిచ్చినోళ్లు ఆ పొద్దే మరిచిపోతారప్పా. బియ్యం తీసేటోళ్లకి దినామూ గ్యాపకం ఉంటాది."

ఆ రెండు వారాలు నేను నేలమీద నడిచానో గాల్లో నడిచానో నాకే తెలియదు. మొన్న ఎండాకాలం నీళ్లకు కటకటలాడినప్పుడు కొన్న నీలం డ్రమ్మును కడిగి ఎండబెట్టాం. పెద్దాయన దానికి అడుగున చక్రాలు బిగించారు. రోజూ ఒక పిడికెడు, ఏ డబ్బాలోనైనా సరే తీసి పెట్టండి, శనివారం మేమొచ్చి పోయించుకుంటాం అని గ్రూపులో రాశాను. ఇంతే. డబ్బు మాట లేదు, ఫారాలు లేవు. అయినా మొదటి శనివారం లిఫ్టులో డ్రమ్ముతో పై అంతస్తుకు పోతుంటే నాకు ఒక్కటే భయం. ఎవరూ తలుపు తియ్యకపోతే?

తలుపులు తీశారు. తీయడమా, కొందరు మాకోసం గడపలో నిలబడి ఉన్నారు. కేరళ వాళ్లింట్లో ఎర్రగా లావుపాటి బియ్యం. బెంగాలీ ఆవిడ తెచ్చిన చిన్న గింజల బియ్యం పోస్తుంటే వరండా అంతా కమ్మటి వాసన. పంజాబీ ఇంట్లో వేలెడంత బాస్మతి. షుగరున్న ఒకాయన ఇంట్లో ముడిబియ్యం. గుంటూరు వాళ్లింట్లో పాత సోనా మసూరి. ఒక తమిళ ఇంట్లో, ఇడ్లీలు తప్ప ఏమీ వండుకోవడం లేదంటూ ఇడ్లీ బియ్యం. మడివాళలో పీజీ హాస్టలు నుంచి కొత్తగా మా దగ్గరికి మారిన నలుగురు కుర్రాళ్లు అసలు వంటే వండరు, దీనికోసమని ఒక పాకెట్టు కొనుక్కొచ్చి, అందులోంచి రోజూ ఒక పిడికెడు వంతులవారీగా తీశారట. ఆ మాట వినగానే నేను వాళ్ల ముందే చప్పట్లు కొట్టాను. మొదటి శనివారం డ్రమ్ము సగానికి వచ్చింది. రెండో శనివారం మధ్యాహ్నంలోపు నిండి, అదిమితే గానీ మూత పట్టలేదు.

నా ఉద్యోగం ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటినుంచే పని, ఇతరులు చేసినదాంట్లో తప్పులు పట్టడం. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే చెప్పాలి. దానికే నాకు జీతమిస్తారు.

డ్రమ్మును తోసుకుంటూ షెడ్డుకు తీసుకెళ్లాం. కదిరి అమ్మాయి మూత తీసి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగునుంచి ఒక గుప్పెడు తీసి అరచేతిలో పరిచింది. ఒకటే బియ్యం కాదు గదక్కా అంది మెల్లగా. బియ్యమంటే బియ్యమే కదా అన్నాను నేను, దానకర్ణుడి చెల్లెల్లా. ఆమె ఒక గ్లాసు బియ్యం కడిగి, చిన్న గిన్నెలో ఎసరు పెట్టి, పొయ్యి దగ్గరే నిలబడింది.

ఉడికాక చూస్తే సోనా మసూరి గంజిలో కలిసిపోయింది, ఇడ్లీ బియ్యం నోట్లో రాయిలా తగిలింది. ఎర్ర బియ్యమైతే ఉడకడం ఇంకా మొదలే పెట్టలేదు. ఇంకాసేపు ఉంచితే మెత్తనివి జిగురయ్యాయి, గట్టివి అలాగే ఉన్నాయి. ఒక పిల్లవాడికి పెడితే వాడు మర్యాదగా నమిలి, బయటికెళ్లి ఉమ్మేసి వచ్చాడు. సోమవారానికి మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే ముందు పడీపడీ నవ్వింది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"మన వీధిలో ఆ మూలంగడోడు ఏ మూట దించితే వీధికంతా అదే బియ్యం గదప్పా. ఇరవై ఇండ్లలో తీసినా ఒకే కుండలో ఉడికేది. నువ్వు దేశమంతా ఒక డ్రమ్ములో పోసుకొచ్చి కూసున్నావు."

నేను అమ్మమ్మ చెయ్యిని గుర్తుపెట్టుకున్నాను, ఆ బియ్యం ఏ అంగడిదో మరిచిపోయాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లుగా పేట బియ్యం తిని పెరిగినదాన్నయి ఉండి నాకే తట్టకపోతే ఇంకెవరికి తడుతుంది? సోమవారానికి ఒక మూట కొనేద్దామని పెద్దాయన అన్నారు. సోమవారం గడుస్తుంది. కానీ మీరు రోజూ తీసిన పిడికెళ్లు పనికిరాలేదని తెలిస్తే వచ్చే శనివారం ఎవరు తలుపు తీస్తారు? ఎవరూ తియ్యకపోతే ఎన్ని సోమవారాలకు కొంటాం? ఈ మాటలు కాస్త గట్టిగానే అన్నాను. ఆయన ఏమీ అనుకోలేదు, అలవాటైపోయింది.

ఏరేద్దామనుకున్నాం. చాటలూ జల్లెళ్లూ పట్టుకుని ఆరుగురు ఆడవాళ్లం కింద లాబీలో కూర్చున్నాం. లావు గింజ జల్లెడలో నిలుస్తుంది, బాస్మతి పొడుగ్గా ఉంటుంది కాబట్టి చేత్తో ఏరొచ్చు అని నా లెక్క. రెండు గంటలకు గ్లాసుడు బాస్మతి తేలింది. సోనా మసూరికీ కోలం బియ్యానికీ తేడా ఏమిటని ఇద్దరు వాదులాడుకున్నారు. మెడలు పట్టేశాయి. డ్రమ్ములో బియ్యం గీతంత కూడా దిగలేదు.

అయిదింటికి కదిరి అమ్మాయి కూతురిని చేత్తో పట్టుకుని వచ్చింది. సోమవారం పిల్లలను వదలమని తల్లులకు చెప్పాలా వద్దా, ఆ ఒక్కటీ అడిగి పోదామని వచ్చింది. మా తంటాలు చూసి ఏమీ అడగకుండా చాట పక్కన చతికిలబడింది. రకరకాల గింజలు నాలుగు తీసి పంటికింద వేసి పటుక్కుమనిపించింది.

"అక్కా, దీన్ని మిషన్లో పలగ్గొట్టిస్తే? మేం సంగటిలోకి నూకే ఏస్తాం. ఏ బియ్యమైనా పలిగినాక నానబెట్టి ఉడికిస్తే కలిసిపోతాది."

మా అమ్మ నుదురు కొట్టుకుంది. మాదీ రాగిసంగటి తినే కొంపే. చిన్నప్పుడు వారానికి రెండుసార్లు తిన్నాను. నేను లేచి ఆ అమ్మాయిని గట్టిగా వాటేసుకున్నాను. ఆమెకు ఏం చెయ్యాలో తెలియక నా వీపు తట్టింది.

ఆదివారం పొద్దున్నే ఆటోలో డ్రమ్ము, నేను, ఆమె. వర్తూరులో ఒక పాత పిండిమిషను ఉంది. మిషనాయన డ్రమ్ములో చెయ్యిపెట్టి చూసి, ఇంత బాస్మతిని నూక చెయ్యడానికి మనసెలా వచ్చిందని నన్ను తిట్టాడు. నేను వివరించబోతే వినలేదు. ఆ అమ్మాయి మాత్రం మొదట రాలిన నూకను రెండు వేళ్ల మధ్య నలిపి, ఇంకొంచెం సన్నంగా రావాలంది. ఆయన మారుమాట లేకుండా రాయి బిగించాడు. ఎర్ర బియ్యం, తెల్ల బియ్యం, వాసన బియ్యం, అన్నీ ఒకే రంగు నూకగా గోనెసంచీలో పడుతుంటే ఆ మిషను రొదలో నేను ఏదో అరుస్తూనే ఉన్నాను. ఏమన్నానో గుర్తులేదు. ఇద్దరికీ కనురెప్పల దాకా తెల్లటి పిండి అంటింది.

సోమవారం మధ్యాహ్నం దాకా సెలవు పెట్టాను. రాగిపిండి మా అమ్మది, తను ఎవరినీ ముట్టుకోనివ్వని పెద్ద డబ్బా. తనే ఎత్తి ఇచ్చింది. కదిరి అమ్మాయి పొద్దున్నే నూక నానబెట్టి, పెద్ద గిన్నెలో ఉడికించి, మీద రాగిపిండి కుప్పగా పోసి మూత పెట్టింది. తర్వాత గిన్నెను దించి, రెండు పాదాలతో అదిమిపట్టి, సంగటి కట్టెతో కెలకడం మొదలుపెట్టింది. నేనూ ప్రయత్నించాను. కట్టె నాకు ఒక్క చుట్టు కూడా తిరగలేదు. పెద్దాయన తిప్పబోతే గిన్నే తిరిగింది. ఆమె మొదటిసారి పకపకా నవ్వడం ఆరోజే విన్నాను.

తడిచేత్తో ముద్దలు చేసి, ఆకుకూర పప్పు, చెనిక్కాయల చట్నీతో వరసగా పెట్టింది. శనివారం ఉమ్మేసిన పిల్లవాడే ముందు నోట్లో పెట్టుకున్నాడు. మింగాడు. ఇంకో తునక తుంచాడు. పాలమూరు పిల్లలూ, రాయచూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరూ తలెత్తకుండా తింటున్నారు. ఇంగొక ముద్ద కావాలని ఎవరో అడిగారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, వెంటనే తుడుచుకుని ఎవరు అడిగింది ఎవరు అడిగింది అని గిన్నె పట్టుకుని పరుగెత్తాను.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజరు షెడ్డు కొలవడానికి టేపు పట్టుకుని వచ్చాడు. మండ్య వైపు మనిషి, రాగిముద్ద మీద పెరిగినవాడు. ఆ అమ్మాయి ఒక ప్లేట్లో ముద్ద పెట్టి అందించింది. టేపు జేబులో పెట్టుకుని, నమలకుండా మింగుతూ మొత్తం తినేశాడు. గిన్నెలోకి ఒకసారి తొంగి చూశాడు. రెండో ముద్ద కూడా అయ్యాక, సిమెంటు మూటల మీద టార్పాలిన్ కప్పించుకుంటాంలే అని కన్నడలో చెప్పి వెళ్లాడు. నేను ఎగిరి గంతేసిన మాట నిజమే. పెద్దాయన కూడా అంతో ఇంతో ఎగిరారు, తర్వాత ఒప్పుకోలేదు.

ఆ సాయంత్రం గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను. నా తెలివితక్కువతనంతో సహా. మీ బియ్యం నూకైంది, సంగటైంది, ఇకమీదట మీరు ఏది తింటే అదే ఒక పిడికెడు తీయండి అన్నాను. పంజాబీ ఆవిడ బాస్మతి గురించి ఏమైనా అంటుందేమోనని భయపడ్డాను. ఆవిడ సంగటి ఎలా చేస్తారని అడిగింది.

తర్వాతి శనివారం లాబీలో డ్రమ్ము పెట్టుకుని కూర్చున్నాం. కదిరి అమ్మాయి చంకలో ఒక మూటతో, పక్కన కూతురితో గేటు దాటి వచ్చింది. షెడ్లలోని ఆడవాళ్లు కూడా వారమంతా పొద్దున ఎసట్లో పోసేముందు తలా పిడికెడు తీశారట. ఊరినుంచి తెచ్చుకున్న రేషను బియ్యం. వద్దనడానికి నా నోరు తెరుచుకుంది. మా అమ్మ నా చెయ్యి నొక్కింది. మూటను అమ్మే అందుకుని విప్పి డ్రమ్ములో పోసింది. పిల్ల తన గుప్పెట్లో విడిగా తెచ్చిన బియ్యం కూడా అందులో వేసింది. "చిన్న పిడికిలి గదప్పా, ఇంగొకటెయ్యి" అని అమ్మ మూటగుడ్డలో మిగిలిన గింజలు పిల్ల చేతిలో పోసింది.

మూటకు కట్టిన ఆకుపచ్చ పేలిక, అమ్మ విప్పి ఇచ్చినది, నా చేతిలో ఉంది. అంచు చిరిగినది. ఎక్కడ చూశానో వెంటనే తెలిసింది. దాన్ని మడిచి ఆమెకు తిరిగి ఇవ్వబోయాను.

"మీ కాడే పెట్టుకోండక్కా, డ్రమ్ము మూతకి కట్టను పనికొస్తాది. పాపకింగ దాంతో పనేముండాది."

ఆ పేలికతోనే డ్రమ్ము మూత బిగించి రెండు ముళ్లు వేశాను. పిల్ల అప్పటికే లాబీ ఆ చివరకు పరుగెత్తి, మళ్లీ ఈ చివరకు వస్తోంది.